నాయన కోసం కుక్కని తేవచ్చా? డిప్రెషన్‌లో ఉండే పెద్దోళ్ళకి నిజంగా పనికొస్తాదా? (తిరుపతి)

కొర్లగుంట_చిన్నోడు | శనివారం రాత్రి 9:48

అందరికీ నమస్తే. నేను బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు తిరుపతి, కొర్లగుంట. విషయం మా నాయన గురించి. ఆర్టీసీలో డ్రైవరు, సర్వీసులో ఎక్కువ భాగం కొండ మీదికే, ఘాట్ రోడ్డు డ్యూటీ. రిటైరయినప్పుడు ఏం కాలేదు, బాగానే ఉన్నాడు, పెళ్ళిళ్ళూ పేరంటాలూ అని అమ్మా ఆయనా తిరగతా ఉన్నారు. పోయిన సంవత్సరం అమ్మ పోయినాక మనిషే మారిపోయినాడు. తెల్లారి మూడింటికి లేచే మనిషి ఇప్పుడు పది దాటినా మంచం దిగడు, గడ్డం గీసుకోడు, తింటే తింటాడు లేకుంటే లేదు, నేను ఫోన్ చేస్తే ఆ ఊ అంతే. చెల్లెలు చిత్తూరు నుంచి వారానికోసారి వచ్చి వండిపెట్టి పోతాది. డాక్టరుకి చూపించినాం, డిప్రెషన్ అన్నాడు, మాత్రలు రాసినాడు, అవి వాడతా ఉండాడు.

ఇప్పుడు మా బావ ఒక ల్యాబ్రడార్ పిల్లని తెచ్చిస్తానని పట్టుబట్టినాడు. కుక్క ఉంటే మనసుకి మంచిది, ఒంటరితనం పోతాది అని వీడియోలు పంపిస్తా ఉండాడు. చెల్లెలేమో ఆయన్నే చూసుకోలేక చస్తా ఉంటే ఇంగ కుక్క కూడానా అంటాది. నాకేం తోచడం లేదు. నవ్వొచ్చే సంగతి ఏందంటే నాయన ఇప్పుడు నోరు తెరిచి గట్టిగా మాట్లాడేది ఒకే విషయం మీద, పై పోర్షన్‌లో అద్దెకుండే వాళ్ళ కుక్క పగలంతా అరస్తాదని తిట్టేదానికి. అట్లాంటాయనకి కుక్కపిల్లని చేతిలో పెడితే ఏమంటాడో.

ఎవరికన్నా అనుభవం ఉంటే చెప్పండప్పా.

పుత్తూరు_కట్టు | శనివారం రాత్రి 10:05

కోపం తెచ్చుకోవద్దు తమ్ముడూ. కుక్కని తెస్తే డిప్రెషన్ పోతాదంటే మా వీధిలో ఒక్కడికి కూడా డిప్రెషన్ ఉండకూడదు, రాత్రి పది దాటితే ఇరవై కుక్కలు. నన్ను ఒకటి పిక్క పట్టుకుంటే సున్నా, మూడు, ఏడు, ఇరవై ఎనిమిదో రోజులని లెక్కపెట్టుకోని పోయి చేతికి సూదులేయించుకున్నా. నాకైతే మెంటల్ హెల్త్ ఇంగా చెడింది.

గ్రీమ్స్‌పేట_అక్క | శనివారం రాత్రి 11:20

చిన్నోడా, నాకు అనుభవం ఉంది కాబట్టి రొంత పెద్దగానే రాస్తా, ఓపికుంటే చదువు.

నాకు ప్యానిక్ అటాక్స్ వచ్చేవి. మొదట్లో గుండె జబ్బు అనుకున్నాం, ఈసీజీ తీసినారు, ఎకో తీసినారు, అంతా నార్మల్ అన్నారు, నార్మల్ అంటే ఇంట్లో వాళ్ళకి నేను నాటకాలాడతా ఉన్నట్టు. బజారుకి పోవాలంటే భయం, గాంధీ రోడ్డులో జనం మధ్య నిలబడితే ఊపిరాడదు, అట్లా అట్లా ఇంట్లోనే ఉండిపోయినా. తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి పోయినా, మాత్రలూ కౌన్సిలింగూ రెండూ నడిచినాయి, అది ముందే చెప్తా ఉండా ఎందుకంటే మల్లా కుక్క వల్లే నయమైందని ఎవరూ అనుకోకూడదు.

కుక్క ఎట్ల వచ్చిందంటే మా తమ్ముడు ఉద్యోగానికని గల్ఫ్ పోతా వాడి కుక్కని మా ఇంట్లో వదిలేసి పోయినాడు. నాటు కుక్క, పేరు సింగం. నాకు అస్సలు ఇష్టం లేదు. కానీ అది ఇంట్లో ఒంటికి పోదు, చచ్చినా పోదు, బయటికి తీసుకోని పోవాల్సిందే. మా ఆయన పొద్దున్నే పాల డెయిరీ పనికి పోతాడు. ఇంగ నేనే. గడప దాటేదానికి భయపడే మనిషిని, అది తలుపు దగ్గర కూర్చోని నా మొహమే చూస్తా ఉంటే ఏం చేస్తా, చెప్పులేసుకున్నా. మొదట మా సందు చివరి దాకా. తర్వాత కట్టమంచి చెరువు దాకా. నా కోసమైతే నేను లేచేదాన్ని కాదు, అది నిజం.

ఇంగో సంగతి. నేనొక్కదాన్నే నడిస్తే ఎవరూ పలకరించరు. కుక్కతో పోతే పిల్లోళ్ళు వస్తారు, కరస్తాదా అక్కా అంటారు, పూలమ్మే ఆమె దీని పేరేంది అంటాది, ఇంగో కుక్క ఉన్నాయన ఏం పెడతారమ్మా అంటాడు. మాట్లాడేదంతా కుక్క గురించే, నా రోగం గురించి ఎవరూ అడగరు, నేనూ చెప్పను. ఆ మాటలు నాకు శానా పనికొచ్చినాయి. ఎట్లుండావు, తగ్గిందా, మాత్రలు వేసుకుంటా ఉండావా అని అడిగే చుట్టాల కంటే ఆ పూలామె నయం.

అటాక్ వచ్చేటప్పుడు సింగాన్ని పక్కన పడుకోబెట్టుకోని దాని పక్కటెముకల మీద చెయ్యి పెట్టేదాన్ని. అది ఊపిరి తీస్తా ఉంటే చెయ్యి పైకీ కిందికీ పోతాది, దాంతో పాటు నేనూ తీసేదాన్ని. కౌన్సిలింగ్ ఆమె నేర్పిన శ్వాస ఎక్సర్‌సైజే అది, ఒంటరిగా చేస్తే మర్చిపోయేదాన్ని, కుక్క ఉంటే గుర్తుండేది.

కానీ నీ విషయంలో కుక్కపిల్ల అంటే మాత్రం నాకు భయంగానే ఉంది. నాకొచ్చింది పెరిగిన కుక్క, నేర్చుకున్న కుక్క.

వెట్_హాస్టల్ | ఆదివారం ఉదయం 7:32

నేను ఇక్కడ తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుతా ఉండా. అక్క చెప్పిన దానికి రెండు మూడు కలుపుతా.

కుక్క కళ్ళలోకి చూస్తే మనకి హాయిగా ఉండేది ఊరికే కాదు. జపాన్‌లో అజాబు యూనివర్సిటీ వాళ్ళు 2015లో సైన్స్ పత్రికలో వేసినారు, కుక్కా యజమానీ ఎక్కువసేపు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్న జంటల్లో ఇద్దరికీ ఆక్సిటోసిన్ పెరిగింది, మూత్రంలో కొలిచినారు. ఆక్సిటోసిన్ అంటే తల్లీబిడ్డల మధ్య పనిచేసే హార్మోను. మనుషులు సాకిన తోడేళ్ళతో అదే చేస్తే ఆ పెరుగుదల కనపడలేదు. అంటే వేల సంవత్సరాలు మనతో బతికి కుక్క ఆ దారి పట్టుకుందని వాళ్ళ ఉద్దేశం.

ఇంగోటి, అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో 249 మంది స్టూడెంట్స్ మీద చేసినారు, 2019లో వచ్చింది. ఒక గుంపుకి పది నిమిషాలు కుక్కల్ని పిల్లుల్ని నిమరనిచ్చినారు, ఒక గుంపు ఊరికే చూసింది, ఒక గుంపుకి బొమ్మలు చూపించినారు, ఇంగో గుంపు ఏమీ లేకుండా కూర్చుంది. నిమిరిన వాళ్ళ ఉమ్మిలో కార్టిసాల్, అంటే స్ట్రెస్ హార్మోను, తక్కువగా తేలింది. అయితే అది పది నిమిషాల సంగతి, చదువుల టెన్షన్ సంగతి. దాన్ని పట్టుకోని డిప్రెషన్‌కి మందు దొరికింది అనకూడదు.

ఇప్పుడు మీ బావ ల్యాబ్ పిల్ల. ఒకటి, 8 వారాలు నిండకుండా అమ్మకూడదని 2017 బ్రీడింగ్ రూల్స్‌లోనే ఉంది, మన దగ్గర నెల పిల్లల్నే అమ్మేస్తా ఉంటారు, అది పార్వో (కుక్కపిల్లల్ని చంపే వైరస్ జబ్బు) పట్టుకోని వారంలో పోయిందనుకో, మీ నాయన పరిస్థితి ఆలోచించు. రెండు, చిన్న పిల్లయితే రెండు మూడు గంటలకోసారి ఒంటికి, రాత్రుళ్ళు ఏడుపు, చెప్పులూ మంచం కోళ్ళూ అన్నీ కొరుకుడు. మూడు, సంవత్సరం తిరిగేసరికి ముప్పై కిలోల బరువు. పిల్లిని చూసి ఒక్క లాగు లాగితే పెద్దాయన రోడ్డు మీద. ఇది ఊహించి చెప్పేది కాదు, అమెరికాలో 65 దాటిన వాళ్ళకి తాడు పట్టుకోని కుక్కని నడిపించేటప్పుడు అయిన ఎముక విరుగుళ్ళు లెక్క కడితే 2004 నుంచి 2017కి రెండింతలు దాటినాయి.

పుత్తూరు_కట్టు | ఆదివారం ఉదయం 7:50

అట్లయితే తెప్పించు తమ్ముడూ, మా ఊరి ఎముకల కట్టుకి గిరాకీనే గదా 😄

కట్టమంచి_గట్టు | ఆదివారం ఉదయం 9:15

నవ్వులు పక్కన పెడితే ఇది ఇప్పుడొచ్చిన ఆలోచన కాదు. ఫ్రాయిడ్ పేరు వినింటారు, ఆయన దగ్గర జోఫీ అని చౌ చౌ జాతి కుక్క ఉండేది, పేషెంట్లతో మాట్లాడేటప్పుడు గదిలోనే పడుకునేది. బోరిస్ లెవిన్సన్ అని న్యూయార్క్ సైకాలజిస్టు ఒకాయన, ఎవరితోనూ మాట్లాడని పిల్లోడు తన కుక్క జింగిల్స్ ఎదురుగా నోరు తెరవడం చూసి 1962లో దాని మీద వ్యాసం రాసినాడు, అప్పట్లో తోటి సైకాలజిస్టులు ఎగతాళి చేసినారంట. అయితే వీళ్ళందరి దగ్గరా డాక్టరు ఉన్నాడు, కుక్క డాక్టరు పక్కన ఉంది. మనోళ్ళు పంపే వీడియోల్లో డాక్టరు మాయమై కుక్క మాత్రం మిగులుతుంది. నాకు నచ్చనిది అదే.

జీవకోన_జాకీ | ఆదివారం ఉదయం 10:02

ఎందుకంత ఆలోచన, తెచ్చేయండి. స్వీడన్‌లో 34 లక్షల మంది రికార్డులు చూసినారు, ఒంటరిగా ఉండే వాళ్ళలో కుక్క ఉన్నోళ్ళకి చావు రిస్కు 33 శాతం తక్కువ అని వచ్చింది. ఇంగేం కావాల.

నైట్_డ్యూటీ | ఆదివారం మధ్యాహ్నం 1:40

నేను సైకియాట్రీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసినా కొన్నేళ్ళు, ఇప్పుడు వేరే డిపార్ట్‌మెంట్. ఎక్కడ అని అడగద్దు.

జాకీ అన్నా, నువ్వు చెప్పే స్టడీ నిజమే, 2017ది, ఉప్సలా యూనివర్సిటీ వాళ్ళది. కానీ అందులోనే వాళ్ళు రాసుకున్నారు, కుక్క వల్ల ఆరోగ్యం వచ్చిందా, ఆరోగ్యం ఉన్నోళ్ళే కుక్కని పెట్టుకున్నారా అనేది ఈ లెక్కతో తేల్చలేమని. మంచం దిగలేని మనిషి కుక్కని తెచ్చుకోడు గదా. ఇక్కడ మనం మాట్లాడుతున్నది సరిగ్గా ఆ మంచం దిగలేని మనిషి గురించి.

చిన్నోడా, నీకు నేను చెప్పేది ఇది. డిప్రెషన్‌లో మనిషికి ప్రేమ లేక కాదు, చెయ్యాలని మనసులో ఉన్నా ఒళ్ళు కదలదు. అట్లాంటప్పుడు ఇంట్లో కుక్కపిల్ల ఆకలికి అరస్తా ఉంటే, తను లేచి పెట్టలేకపోతే, నేను దేనికీ పనికిరానోణ్ణి అనే ఆలోచన ఇంగా బలపడతాది. వార్డులో అట్లాంటి ఒకామెని చూసినాం, కొడుకులు ప్రేమగానే తెచ్చిచ్చినారు కుక్కని, ఆమె దాన్ని చూసి ఏడ్చేది. అదే సమయానికి మందు పనిచేసి రొంత లేచి తిరిగే స్థితికి వచ్చినాక కుక్క వస్తే, అప్పుడు అక్క చెప్పినట్టు అది బయటికి లాగతాది. కుక్క మంచిదా చెడ్డదా అనేది కాదు ప్రశ్న, ఎప్పుడు అనేది ప్రశ్న.

మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టినారో రాయలేదు నువ్వు. చాలా వాటికి పని కనపడేదానికి కొన్ని వారాలు పడతాది, మధ్యలో తగ్గిందని గానీ తగ్గలేదని గానీ మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టే తగ్గించాల. నిద్రా తిండీ ఎట్లుందో చెల్లెల్ని ఒక కాగితం మీద రాయమను, తర్వాతి సారి డాక్టరుకి చూపించు. ఇంగోటి, అడిగేదానికి మొహమాటపడద్దు, బతకాలనిపించడం లేదు, మీ అమ్మ దగ్గరికి పోతా అట్లాంటి మాటలు అంటా ఉండాడా? అడిగితే లేని ఆలోచన పుడతాదని భయపడతారు, అట్లేం పుట్టదు. అట్లాంటి మాట వింటే వారం దాకా ఆగద్దు, వెంటనే తీసుకోని పోవాల. రుయా పెద్దాస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది. రాత్రయినా పగలయినా టెలీ మానస్ 14416కి చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు, 2022 నుంచి నడస్తా ఉంది. నువ్వు కూడా చేయొచ్చు, పేషెంటే చేయాలని ఏం లేదు.

కుక్క కావాలా అని నాయన్ని ఎవరన్నా అడిగినారా అసలు? బావ, చెల్లెలు, నువ్వు, మేము పదిమందిమి మాట్లాడతా ఉండాం.

కొర్లగుంట_చిన్నోడు | ఆదివారం మధ్యాహ్నం 2:25

అక్కా థాంక్స్. మాత్రలు నెల దాటింది మొదలుపెట్టి. నిద్ర కొంచెం నయం అని చెల్లెలు చెప్పింది. చావు మాటలు మాతో అయితే అనలేదు, ఈ వారం పోయినప్పుడు అడుగుతా.

కుక్క గురించి ఆయన్ని ఎవరూ అడగలేదు. నిజం.

పలమనేరు_ఆవులు | ఆదివారం సాయంత్రం 6:10

మాది వ్యవసాయం, ఆవులు, మామిడి తోట. మా దగ్గర కుక్క అంటే కాపలా, మనసు గినసు ఎవరూ అనుకోరు. సంగటి ముద్ద పడేస్తే తింటాది, తోట కాడ పడుకుంటాది. అయినా చెప్తా ఉండా. మా నాయనకి ఆవుల పాక పక్కన మంచం, ఆ మంచం కింద కుక్క. అమ్మతో పది మాటలు మాట్లాడని మనిషి దాంతో రాత్రంతా మాట్లాడేవాడు, మోటారు కాలిపోయింది, బెంగుళూరా కాయకి ఈసారి రేటు లేదు, ఫ్యాక్టరీ వాడు డబ్బులు ఇయ్యలేదు, అన్నీ దానికే చెప్పేవాడు. అది చచ్చిపోతే రెండు రోజులు తినలేదాయన. ఊర్లో అందరూ నవ్వినారు, కుక్క కోసం ఏడ్చేదేంది అని. నాకు ఆ నవ్వు ఇప్పటికీ కోపం.

అందుకే చెప్తా ఉండా, కుక్క బతికేది పది పన్నెండేళ్ళు. మీ నాయన ఇప్పుడే ఒక చావు చూసినాడు. ముసలి కుక్కని తెస్తే తొందరగా పోతాది, పిల్లని తెస్తే ఈయన తర్వాత దాన్నెవరు చూస్తారు. రెండూ ఆలోచించుకోవాల.

బైపాస్_ఫ్లాట్ | ఆదివారం రాత్రి 8:33

మధ్యలో దూరతా ఉండా క్షమించండి, ఇదే సబ్జెక్టు కాబట్టి అడుగుతా ఉండా. మేము ఏఐఆర్ బైపాస్ వైపు అపార్ట్‌మెంట్. మా అమ్మాయికి ఎగ్జామ్ యాంగ్జైటీ, మా పగ్ లేకుంటే నిద్రపోదు. అసోసియేషన్ వాళ్ళు కుక్కని తీసేయమంటా ఉండారు. ఆన్‌లైన్‌లో ఎమోషనల్ సపోర్ట్ డాగ్ సర్టిఫికెట్ అని ఇస్తా ఉండారు, నాలుగు వేలు. తీసుకోమంటారా?

వెట్_హాస్టల్ | ఆదివారం రాత్రి 8:51

తీసుకోవద్దు మేడమ్, దండగ. మన దేశంలో ఆ సర్టిఫికెట్‌కి చట్టంలో విలువ లేదు. అసలు మీకు అది అవసరం కూడా లేదు, పెంపుడు జంతువుల్ని పూర్తిగా నిషేధిస్తూ అసోసియేషన్లు రూల్ పెట్టకూడదని యానిమల్ వెల్ఫేర్ బోర్డు 2015లోనే రాసింది. లిఫ్టు కూడా ఆపకూడదు. కానీ మీరూ రేబీస్ టీకా కార్డు చూపించాల, బయట మలం మీరే ఎత్తాల, తాడు లేకుండా వదలకూడదు. ఆ నాలుగు వేలు టీకాలకీ నట్టల మందుకీ పెట్టండి.

ఇంగో మాట, సపోర్ట్ డాగ్ అనేదీ సర్వీస్ డాగ్ అనేదీ వేరు వేరు. పీడకల వచ్చినప్పుడు లేపేది, గుంపులో మనిషికి అడ్డంగా నిలబడి చోటిచ్చేది, మాత్ర టైముకి గుర్తుచేసేది, ఇట్లాంటి పనులకి నెలల తరబడి ట్రైనింగ్ ఇచ్చిందాన్ని సైకియాట్రిక్ సర్వీస్ డాగ్ అంటారు, అమెరికాలో యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులకి ఇస్తా ఉంటారు. మన పగ్ పక్కన పడుకుంటాది. అదీ మంచిదే, కానీ రెండూ ఒకటి కావు.

జీవకోన_జాకీ | ఆదివారం రాత్రి 9:20

కొనేదెందుకు అసలు, వీధిలో లేవా? ఒకదానికి అన్నం పెట్టమనండి నాయన్ని.

పుత్తూరు_కట్టు | ఆదివారం రాత్రి 9:26

పెట్టండి పెట్టండి. మీరు పెడతారు, అవి మమ్మల్ని కరస్తాయి. పెట్టినోళ్ళే సూదుల ఖర్చు పెట్టాల అని రూల్ రావాల.

జీవకోన_జాకీ | ఆదివారం రాత్రి 9:31

అన్నం పెట్టేదానికి కూడా రూల్స్ ఉండాయి అన్నా. 2023 ఏబీసీ రూల్స్ (వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసే రూల్స్) చదువు, ఆపరేషన్ చేసి టీకా వేసి ఎత్తిన చోటే వదలాలని ఉంది, అన్నం పెట్టే చోటు కాలనీ వాళ్ళే చూపించాలని ఉంది...

పుత్తూరు_కట్టు | ఆదివారం రాత్రి 9:33

రూల్స్ కుక్కకి చదివి వినిపించు

మోడరేటర్ | ఆదివారం రాత్రి 9:40

వీధికుక్కల పంచాయితీకి వేరే థ్రెడ్ ఉంది, ఇప్పటికే శానా పేజీలయింది, అక్కడ కొట్టుకోండి. ఇక్కడ చిన్నోడి నాయన సంగతి మాత్రమే.

గ్రీమ్స్‌పేట_అక్క | సోమవారం ఉదయం 6:55

రాత్రంతా నాకు ఒకటే తడతా ఉంది చిన్నోడా. నువ్వు మొదట్లోనే రాసినావు గదా, నాయన గట్టిగా మాట్లాడేది పైనోళ్ళ కుక్క గురించే అని. మిగతా దేని మీదా కోపం కూడా రాని మనిషికి ఆ కుక్క మీద కోపం వస్తా ఉందంటే అది ఎప్పుడు అరస్తాది, ఎంతసేపు అరస్తాది అని ఆయన వింటా ఉన్నట్టే గదా. ఆ కుక్క సంగతేంది? ఎందుకరస్తాది? వాళ్ళు పొద్దంతా ఇంట్లో ఉండరా?

కొర్లగుంట_చిన్నోడు | సోమవారం ఉదయం 8:10

ఉండరక్కా. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆస్పత్రిలో నర్సులు, షిఫ్ట్ డ్యూటీలు. కుక్కని లోపల పెట్టి తాళం వేసి పోతారు. నాటు కుక్కే, మధ్యరకం సైజు, చింటు అని పిలుస్తారు. రెండు మూడేళ్ళుంటాది.

వెట్_హాస్టల్ | సోమవారం ఉదయం 8:22

అది ఒంటరిగా ఉండలేక అరస్తా ఉంటాది, సెపరేషన్ యాంగ్జైటీ. దానికీ మనిషి కావాల. పెరిగిన కుక్క, టీకాలు అయ్యింటాయి, రాత్రికి వాళ్ళ కుక్క వాళ్ళింటికి పోతాది. మీ నాయనకి లేవలేని రోజు ఉంటే వాళ్ళు ఉండారు. ఇంతకంటే మంచి ట్రయల్ ఎవరికీ దొరకదు.

నైట్_డ్యూటీ | సోమవారం ఉదయం 11:05

మంచి ఆలోచనే. కానీ నీకు మంచిది నాయనా, కుక్కతో తిరిగితే డిప్రెషన్ తగ్గతాది అని మాత్రం చెప్పద్దు. ఆయన నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. వాళ్ళకి ఇబ్బందిగా ఉంది, నువ్వు సాయం చేస్తావా అని ఆ పైనోళ్ళే వచ్చి అడగాల. వద్దంటే వదిలేయాల.

కొర్లగుంట_చిన్నోడు | మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

అప్‌డేట్ ఇయ్యాల అనుకున్నా, లేటయింది, డ్యూటీ టైట్.

ముందు పోయిన వెంటనే నాయన్ని అడిగినా, బతకాలనిపించడం లేదా అని. అడిగేటప్పుడు నా గొంతే వణికింది. శానాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అట్ల కాదురా, పొద్దున లేచి ఎవరి కోసం రెడీ అవ్వాలో తెలీడం లేదు అన్నాడు. డాక్టరుకి ఈ మాట చెప్పినాం, మాత్ర అదే కంటిన్యూ చేసి, కౌన్సిలింగ్‌కి కూడా రాసినాడు. మొదటిసారికి పోయొచ్చినాడు, అంత ఇష్టంగా ఏం లేదు.

బావ కుక్కపిల్ల గురించి చెప్తే నాకెందుకురా ఈ వయసులో అని ఒక్క మాటతో కొట్టేసినాడు. బావకి కోపం, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు, ఆ కథ వదిలేయండి.

పైనోళ్ళతో చెల్లెలు మాట్లాడింది. వాళ్ళకి ముందే భయంగా ఉందంట, పెద్దాయన తిడతా ఉండాడు, ఇల్లు ఖాళీ చేయమంటారేమో అని. ఆ అబ్బాయే కిందికొచ్చి, అంకుల్ మార్నింగ్ షిఫ్ట్ రోజుల్లో మధ్యాహ్నం దాకా చింటుని మీ వరండాలో కట్టేస్తే అరవడు, మీకేమన్నా అభ్యంతరమా అని అడిగినాడంట. మా నాయన ముందు గట్టిగా పట్టుకున్నాడు, మీరు పెంచుకోలేనప్పుడు ఎందుకు తెచ్చినారు, మూగజీవిని తాళమేసి పోతారా అని. అయ్యాక కండిషన్లు పెట్టినాడు. అయిదున్నరకి అప్పజెప్పాల, అయిదు ముప్పై అయిదు అయితే తీసుకోడు. నీళ్ళ గిన్నె వాళ్ళే తేవాల. టీకా కార్డు జిరాక్స్ ఇయ్యాల (ఇది మీరు చెప్పింది నేను చెప్పినా).

నమ్ముతారో లేదో, వరండాలో కట్టేసి ఊరుకోకుండా పొద్దున్నే దాన్ని నడకకి తీసుకోని పోతా ఉండాడు, పాత డైరీ ఒకటి తీసి బస్సు డ్యూటీ మాదిరి లాగ్ షీట్ రాస్తా ఉండాడు. చెల్లెలు ఫోటో తీసి పంపింది. బయలుదేరిన టైము, తిరిగొచ్చిన టైము, రూటు. చింటు మధ్యలో కూర్చోని కదలకుంటే "బ్రేక్‌డౌన్, 4 ని." అని రాసినాడు. ఇంగో కుక్క ఎదురొస్తే "ఎదురు బండి". నేను బస్టాండులో పడి నవ్వినా, పక్కనోళ్ళు చూస్తా ఉండారు.

అంతా బాగుంది అని మాత్రం చెప్పను. మంచం దిగని రోజులు ఇంగా ఉండాయి. మొన్న రెండు రోజులు వరసగా లేవలేదు, కుక్కని వాళ్ళు పైనే పెట్టి పోయినారు, అది అరిచింది, ఈయన లేవలేదు. మూడో రోజు లేచినాడు. ఎందుకు లేచినాడో తెలీదు, కుక్క వల్లనా మందు వల్లనా అంటే నేనేం చెప్పేది. చెల్లెలు ఇప్పుడు వారానికి బదులు పది రోజులకి పోతా ఉంది.

కొత్త ప్రాబ్లం, నడక దూరం పెంచతా ఉండాడు. తెల్లారకముందే కపిలతీర్థం వైపు పోతా ఉండాడంట. కొండ కనపడాలంట ఆయనకి.

కట్టమంచి_గట్టు | ఆదివారం రాత్రి 9:40

కొండ చూడమను కానీ తెల్లారినాక చూడమను. కొండ మొదట్లో చిరుతలు తిరిగే చోట్లు అవి, యూనివర్సిటీ క్యాంపస్ వైపు ఎన్నిసార్లు కనపడినాయో పేపర్లో చదివినాం గదా. చిరుతకి కుక్క అంటే మహా ఇష్టం. చీకట్లో కుక్కతో కొండ అంచుకి పోకూడదు.

వెట్_హాస్టల్ | ఆదివారం రాత్రి 9:52

కరెక్ట్. అట్లని ఎండెక్కినాక కూడా వద్దు. వెలుతురు రాగానే పోయి ఏడులోపల ఇంటికి చేరాల. ఎండాకాలం తిరుపతి రోడ్డు మీద మన చెయ్యి వెనక భాగం అయిదు సెకండ్లు ఆనించి చూడండి, మనకి కాలితే దానికీ కాళ్ళు కాల్తాయి. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పేదే దానికి చల్లబడే దారి.

పుత్తూరు_కట్టు | ఆదివారం రాత్రి 10:01

లాగ్ షీట్ ఇంగో ఫోటో పెట్టు తమ్ముడూ. పేరూ అడ్రసూ మూసేసి పెట్టు. నేను కుక్కలకి వ్యతిరేకమే, లాగ్ షీట్‌కి కాదు.

కొర్లగుంట_చిన్నోడు | సోమవారం ఉదయం 7:45

పెడతా అన్నా. వెట్ తమ్ముడూ అర్జెంటుగా రెండు డౌట్లు. ఒకటి, చింటు చెవుల్లో గోమార్లు ఉండాయంట, నాయన ఆవులకి కొట్టే మందు తెచ్చి పూస్తా అంటా ఉండాడు. రెండు, కొండ నుంచి ఎవరో లడ్డు తెచ్చిస్తే ప్రసాదం అందరికీ పెట్టాల అని దానికీ కొంచెం పెట్టినాడంట నిన్న సాయంత్రం.

వెట్_హాస్టల్ | సోమవారం ఉదయం 7:51

ఆవుల మందు వద్దు!! ఆపండి ముందు. డోసు తేడా వస్తే కుక్క నాక్కుంటే విషమే. బరువు చూసి వేసే చుక్కల మందు, మాత్రలు కుక్కలకి వేరే ఉంటాయి, మా కాలేజీ ఆస్పత్రికి తీసుకోని రమ్మను, చూసి రాస్తారు. గోమార్ల వల్ల టిక్ ఫీవర్ వస్తాది, తిండి మానేసినా, మందంగా పడుకున్నా, చిగుళ్ళు తెల్లబడినా వెంటనే చూపించాల.

లడ్డు ఎంత పెట్టినాడు? అందులో ఎండుద్రాక్ష ఉంటాది, ద్రాక్ష కుక్కలకి కిడ్నీలు పాడుచేస్తాది, కొన్నిటికి కొంచెం తిన్నా పడదు. వాంతులు గానీ, ఒంటికి పోకపోవడం గానీ ఉందా? లేకున్నా ఈరోజే చూపించమను.

కొర్లగుంట_చిన్నోడు | సోమవారం ఉదయం 8:20

ఇప్పుడే ఫోన్ చేసినా. వాంతులు లేవు, పొద్దున అయిదున్నర సర్వీసు మామూలుగానే జరిగిందంట. లడ్డులో జీడిపప్పూ ద్రాక్షా ఈయనే ఏరుకోని తినేసి బూందీ మాత్రం దానికి పెట్టినాడంట, ఆయనకి ద్రాక్ష ఇష్టం. అయినా ఆస్పత్రికి తీసుకోని పోమన్నా. పైనబ్బాయికి ఈరోజు నైట్ షిఫ్ట్, బండి మీద ఇద్దరూ పోతారంట, మధ్యలో చింటు.

వెట్_హాస్టల్ | సోమవారం ఉదయం 8:24

హమ్మయ్య. ఇంగ మీదట ప్రసాదం అంటే ఉప్పు లేని పెరుగన్నం పెట్టమను. పదిన్నర లోపల ఓపీకి వస్తే త్వరగా అయిపోతాది, టీకా కార్డు మర్చిపోవద్దని చెప్పు.